రైన్‌బెక్‌లో బాపు, ఒక సంచెడు నల్ల బొచ్చు

మాధవి: అందరికీ నమస్కారం. ఈ వారం మనతో మాట్లాడేది మా చిన్నాయన కూతురు శ్రావణి, షికాగో నుంచి. దీపావళికి అమ్మానాన్నల దగ్గరికి న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీకి వెళ్లి, అక్కడ ఉన్ని పండగ చూసొచ్చింది. మా తాత మెదక్ దిక్కు గొర్రెలు కాసిన మనిషి కాబట్టి ఈ ముచ్చట నాకు పూర్తిగా కావాలి. చెప్పు శ్రావణీ.

శ్రావణి: అక్కా, దాని అసలు పేరు న్యూయార్క్ స్టేట్ షీప్ అండ్ వూల్ ఫెస్టివల్. స్వెటర్లు అల్లేవాళ్లంతా మాత్రం రైన్‌బెక్ అనే అంటారు, ఊరి పేరే పండగ పేరైపోయింది. ఏటా అక్టోబర్ మూడో వారాంతంలో డచెస్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో జరుగుతుంది. 2025లో 18, 19 తేదీల్లో వచ్చింది, 20న దీపావళి. మా ఇంటి నుంచి కారులో అరగంటే, అయినా ఇన్నేళ్లలో బాపు ఒక్కసారి కూడా పోలేదు. ఈసారి నేనే పట్టుబట్టి తీసుకుపోయా.

మాధవి: చిన్నాయన వచ్చిండా! గొర్రెల మాటెత్తితేనే లేచి పోతడు కదా.

శ్రావణి: అందుకే తీసుకుపోయా. పొద్దున్నే చలి, హడ్సన్ నది పొడుగునా చెట్లన్నీ ఎర్రగా పసుపుగా మండుతున్నట్టు ఉన్నాయి, గేటు దగ్గర ఇంత పొడుగు లైను. ఆ లైన్లో ప్రతి మనిషి ఒంటిమీదా సొంతంగా అల్లుకున్న స్వెటరే అక్కా, ఈ పండగకి వేసుకోవడానికే వేసవి నుంచి కూర్చుని అల్లుతారు. ఒకళ్ల స్వెటర్ ఒకళ్లు పట్టుకుని చూస్తూ, ఏ దారం, ఏ గొర్రె అని అడుగుతుంటారు. లోపల గొర్రెల పోటీలు, కుక్కలు మందని తోలే పోటీలు, ఒంటెకి చుట్టాలైన లామా జంతువులు అడ్డుకర్రలు దూకడం, వేడివేడి యాపిల్ సైడర్ డోనట్లు, అవన్నీ ఉన్నాయి. నాకు మాత్రం గుర్తుండిపోయింది బొచ్చు అమ్మే షెడ్డు.

మాధవి: దారం కాదా?

శ్రావణి: కాదు, పచ్చి బొచ్చు. ఒక గొర్రెకు కత్తిరించిన బొచ్చంతా ఒక్క ముద్దగా పారదర్శకంగా ఉండే సంచిలో పెట్టి, దానిమీద జాతి, బరువు, పెంచిన ఫారం పేరు రాసి పెడతారు. కొన్నిటిమీద గొర్రె పేరు కూడా ఉంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆ జిడ్డు వాసన కొట్టింది, బాపు అక్కడే ఆగిపోయాడు. "మన కొట్టం వాసన" అన్నాడు. పొద్దుట్నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

మాధవి: అయ్యో.

శ్రావణి: అక్కడ ఒక పెద్దావిడ మాకు బొచ్చు ఎలా చూడాలో చూపించింది. చిటికెడు పాయ తీసి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని టక్కున లాగాలి. బొచ్చు గట్టిదైతే తీగ మీటినట్టు మోగుతుంది, లేకపోతే చిటపటమంటుంది, బలం లేని చోట తెగుతుంది. గొర్రెకి జ్వరమొచ్చినా, మేత సరిగా అందకపోయినా, ఆ రోజుల్లో పెరిగిన చోట వెంట్రుక సన్నబడిపోతుందట, అంటే ఏడాదంతా ఆ జీవం ఎలా బతికిందో ఆ పాయలోనే ఉంటుంది. బాపు నాలుగైదు సంచులు అలా లాగి చూశాడు. ఒకదాని దగ్గర "దీన్ని సరిగ్గ చూడలే" అని కోపం కూడా తెచ్చుకున్నాడు.

మాధవి: కాపరి కొడుకు మరి! మన గొర్రెల బొచ్చు లాంటిది కనిపించిందా?

శ్రావణి: అదే చెప్పబోతున్నా. మెత్తగా ఉండే మెరీనో దగ్గరే జనం ఎక్కువ, అది మెడకి తగిలినా గుచ్చుకోదు. ఆ చుట్టుపక్కలకి మెరీనో పాతకాలపు చుట్టమేలే, అక్కడికి దగ్గర్లో క్లెర్మాంట్ ఎస్టేట్ ఉన్న రాబర్ట్ లివింగ్‌స్టన్ ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉంటూ 1802లో మెరీనో గొర్రెల్ని ఇంటికి పంపించాడు. కానీ ముతక బొచ్చుకీ అక్కడ చోటుంది. ఒక స్టాల్లో నవాహో చుర్రో దారం అమ్ముతున్నారు, నవాహోలనే అమెరికా మూలవాసులు పెంచే గొర్రె జాతి అది. పట్టుకుంటే గరుకు, అచ్చం మన గొంగడే. 1930లలో అమెరికా ప్రభుత్వం మేత భూములు పాడవుతున్నాయని నవాహో వాళ్ల మందల్ని బలవంతంగా తగ్గించింది, ఆ జాతి అంతరించేదాకా వచ్చింది. 1970లలో లైల్ మెక్‌నీల్ అనే ప్రొఫెసర్ మిగిలినవాటిని వెతికి పట్టుకుని మళ్లీ పెంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ దారం మీద "రగ్గులకి, కోట్లకి" అని గర్వంగా రాసి అమ్ముతున్నారు.

మాధవి: ఇక్కడేమో నల్ల గొర్రె బొచ్చు కొనేవాళ్లే లేరు. కత్తిరించినందుకు కూలీ మనమే ఇచ్చి, బొచ్చు గట్టుమీద పారేసుడే. అందుకే అందరూ బొచ్చు లేని నెల్లూరు గొర్రెలకి మారిపోయారు, అవైతే మాంసానికి బరువొస్తాయి.

శ్రావణి: మారినవాళ్లని నేను తప్పుపట్టను అక్కా, ఇల్లు గడవాలి కదా. కానీ నల్ల దక్కనీ గొర్రె మన నేలకి తగ్గ జీవం, ఎండకి తట్టుకుని మైళ్లు నడుస్తుంది. దాని బొచ్చు ముతకది కాబట్టే గొంగడి వానకి తొందరగా తడవదు, తలమీదుగా మడిచి కప్పుకుంటే రాత్రంతా మందలో కూర్చోవచ్చు. ఆ ముతకతనాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. స్వెటర్‌కి పనికిరాకపోతే పనికిరాదు, అది పుట్టింది అందుకు కాదు కదా.

మాధవి: చిన్నాయన ఏమన్నడు?

శ్రావణి: నేను రోమ్నీ అనే జాతి గొర్రెది ముదురు రంగు బొచ్చు ఒక సంచి కొన్నా, నాలుగు పౌండ్లు, 72 డాలర్లు. బాపు వెంటనే లెక్కేశాడు, "ఆరువేలకి పైనే" అని. తర్వాత కారెక్కేదాకా మాట్లాడలేదు. కార్లో చెప్పాడు, తాత కత్తిరించిన ఆఖరి బొచ్చు రెండు బస్తాలు వాకిట్లోనే వానకి కుళ్లిపోయిందట. నాయనమ్మ దాన్ని వడకుదామని రోజూ అనుకుందట, కానీ నేసేవాళ్లు లేక ఊరుకుందట.

మాధవి: ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు శ్రావణీ. గొంగడి నేసే మగ్గం గుంత మాత్రం గుర్తుంది, దానికి పెట్టే చింతగింజల గంజి వాసన గుర్తుంది.

శ్రావణి: నాకూ అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చాక అమ్మ పండగ పూట గొర్రె వాసనేంటని గోల పెట్టింది. బాపు వినలేదు, గ్యారేజీలో టబ్బు పెట్టి, వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, బొచ్చు మెల్లగా ముంచాడు. పిసకకూడదు, పిసికితే అట్టగట్టిపోతుంది. నీళ్లు చెరువులో ఎర్రమట్టి కలిపినట్టు అయిపోయాయి. "మేం గొర్రెని చెరువుల కడిగి కత్తిరించేటోళ్లం, వీళ్లు కత్తిరించినంక కడుగుతున్నరు" అంటూ మూడుసార్లు నీళ్లు మార్చాడు. దీపాలు పెట్టే వేళకి పాత చీర మీద ఆరబెట్టాం. అక్కా, నిన్నొకటి అడగమన్నాడు బాపు. ఊళ్లో ఇంకా నల్ల గొర్రెలు ఎవరి దగ్గరున్నాయి?

మాధవి: రెండిళ్లలో ఉన్నయి. ఒకటి చెరువు కట్ట కింద ఇల్లు.

శ్రావణి: వచ్చే కోత ఎప్పుడో కనుక్కో. పారేయొద్దని చెప్పు, డబ్బులు బాపు పంపుతాడు.

మాధవి: ఆదివారం ఊరికి పోతున్న. అడిగి ఫోన్ చేస్త.