రెక్కలు ఆరేసుకునే చోటు

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్ళకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే ఎవరో ఒకరిని మర్చిపోతాను, రేపు టీ కొట్టు దగ్గర నిలదీస్తారు. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. పుస్తక పఠనం గురించి మాట్లాడమని గ్రంథపాలకులు నన్ను పిలిచారు. ఈ వారం రోజులూ ఎలాగూ అందరూ దాని మీదే మాట్లాడతారు. నేను నీటికాకుల గురించి మాట్లాడతాను. జువాలజీ మాస్టార్ని పిలిచాక ఆమాత్రం తప్పదు మరి.

నీటికాకిని చూడనివాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. నల్లటి ఒళ్ళు, పొడుగాటి తోక, కొన దగ్గర కొక్కెంలా వంగిన ముక్కు. ఈదేటప్పుడు ఒళ్ళంతా నీళ్ళలోనే, మెడ ఒక్కటే పైకి. మునిగిందంటే ఎక్కడ తేలుతుందో చెప్పలేం. కాసేపు చేపల వెంటపడి, కడుపు నిండాక మోడు మీదికి ఎక్కుతుంది. ఒకసారి ఒళ్ళు విదిలించుకుని, రెండు రెక్కలూ బార్లా చాపి నిలబడిపోతుంది. మధ్యమధ్య రెక్కల్ని కాస్త ఆడిస్తుంది, అటు నుంచి ఇటు తిరుగుతుంది. ఎండ మరీ చురుక్కుమంటే నోరు తెరిచి గొంతు కింది చర్మాన్ని గబగబా అదిరిస్తుంది. చెమట పట్టని పక్షి ఒంటి వేడి తగ్గించుకునే పద్ధతి అది. అంత వేడెక్కినా రెక్కలు మాత్రం వెంటనే ముడవదు.

ఎందుకలా నిలబడుతుంది? ఎవర్నడిగినా ఒకటే జవాబు: దాని ఒంట్లో నూనె ఉండదండీ, అందుకే తడిసిపోతుంది, ఆరబెట్టుకుంటుంది. మా స్టాఫ్ రూములో కూడా ఇదే మాట అనేవారు. నీటికాకికి తోక మొదట్లో నూనె తిత్తి శుభ్రంగా ఉంది, పని కూడా చేస్తుంది. తేడా అంతా ఈకల అల్లికలో ఉంది. బాతు ఈకలు దగ్గరగా అల్లుకుని లోపల గాలిని పట్టి ఉంచుతాయి, అందుకే అది బెండులా తేలుతుంది. నీటికాకి ఈక నడిమి భాగం అలాగే బిగువుగా, తడవకుండా ఉంటుంది. అంచుల దగ్గర మాత్రం అల్లిక వదులు. నీళ్ళలోకి దిగగానే అంచుల్లోకి నీళ్ళు ఎక్కి గాలి బయటికి పోతుంది. చర్మాన్ని ఆనుకుని పల్చటి గాలి పొర మిగులుతుంది, చలి కాయడానికి అది చాలు. పైన తడి, లోపల పొడి. ఒంట్లో గాలి తగ్గితేనే కదా చేప వెంట తేలిగ్గా మునగగలిగేది! తడవడం దానికి లోపం కాదండీ, వేటకి పనికొచ్చే ఏర్పాటు. అందుకు కట్టే సుంకం ఈ ఆరబెట్టుకోవడం.

దీని మీద శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదులాడుకున్నారు. మింగిన చేప అరగడానికి ఒంటికి వేడి పట్టిస్తుందని కొందరు, వేట ఫలించిందని తోటివాటికి సైగ చేస్తుందని కొందరు. ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునేది ఆరబెట్టుకోవడమనే. గాలపాగోస్ దీవుల్లో ఒక రకం నీటికాకి ఉంది, దానికి ఎగరడం రాదు. రెక్కలు కురచబడిపోయాయి. అదీ వేట అయ్యాక గట్టు మీదికొచ్చి, చిరిగిన గుడ్డపీలికల్లాంటి ఆ రెక్కల్నే చాపి నిలబడుతుంది. ఎగరడం కోసం రెక్కలు తేలికపరుచుకుంటుందని చెప్పేవాళ్ళు దీనికేం జవాబిస్తారు?

మన చెరువులోనే ఇంకొకటి ఉంది. పాములాంటి మెడ, సూదిలాంటి ముక్కు. ఇంగ్లీషులో డార్టర్ అంటారు. దీని ఈకలు చర్మం దాకా తడుస్తాయి, లోపల గాలి పొర కూడా దాదాపు ఉండదు. ఒంటి వేడి ఇట్టే పోతుంది. దీని జాతిదే అమెరికాలో ఉండే పక్షి మీద పరిశోధన చేసి, అది ఒళ్ళు పొడిగా ఉన్నప్పుడు కూడా, గాలి చల్లగా ఉండి ఎండ కాస్తుంటే చాలు, వీపు సూర్యుడి వైపు పెట్టి రెక్కలు చాపుతుందని తేల్చారు. అంటే నీటికాకి ముఖ్యంగా ఆరడానికి, ఇది ఆరడంతో పాటు వెచ్చబడడానికి కూడా. రెండూ పక్కపక్కనే ఒకే మోడు మీద నిలబడతాయి, చూసేవాళ్ళకి ఒకటే అనిపిస్తుంది.

మోడు అన్నాను కదా. ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, కడుపులో పెట్టుకుంటే మిగతాది సరిగ్గా చెప్పలేను.

మన చెరువు లోతట్టులో ఒకప్పుడు తుమ్మ మొక్కలు నాటారు, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నీళ్ళు నిలిచిన ఏళ్ళలో వాటిల్లో కొన్ని చచ్చి మోడుబారాయి. చుట్టూ నీళ్ళు కాబట్టి కుక్కలు రావు, పిల్లులు రావు, మనమూ వెళ్ళం. పైన ఆకు లేదు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ, గాలి. తడిసిన పక్షికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? పోయిన ఎండాకాలం సుందరీకరణ పనులొచ్చాయి. గట్టు మీద రెయిలింగ్ వేశారు, లైట్లు పెట్టారు, బాగుంది, నేనూ పొద్దున్నే అక్కడే నడుస్తాను. ‘ఐ లవ్’ అని ఎర్ర అక్షరాలు, దాని పక్కన మన ఊరి పేరు, సరే. రెక్కలు చాపిన సిమెంటు కొంగ బొమ్మ ఒకటి, అదీ సరే. మరి ఆ మోళ్ళను ఎందుకు పీకించారు? నేను ఆఫీసుకి వెళ్ళి అడిగాను. “అవి ఎండిపోయిన కట్టెలు మాస్టారూ, ఫొటోలో చెత్తగా పడుతున్నాయి” అన్నారు. ఫొటో కోసం! బొమ్మ కొంగకి దిమ్మె కట్టించి, బతికున్న పక్షి నిలబడే కట్టె లాగేశారు. అర్జీ ఇస్తే తీసుకుని ఎక్కడో పెట్టారు. మళ్ళీ వెళ్తే ఆ ఫైలు చూసే ఆయన సెలవు.

కొల్లేట్లో ఆటపాక సంగతి చూడండి. అక్కడ గూడబాతులకి చెట్లు చాలక, అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతించారు. వాటి మీద అవి గూళ్ళు పెట్టుకుంటున్నాయి. అక్కడ డబ్బు ఖర్చుపెట్టి ఇనప మోళ్ళు పాతుతుంటే, ఇక్కడ డబ్బు ఖర్చుపెట్టి ఉన్నవాటిని పీకడం. సరే, దారిలోకి వస్తాను.

ఎండకి రెక్కలు చాపే పక్షులన్నీ తడిసినవే కావు. కిందటి నెల మా పక్కింటావిడ మేడ మీంచి కేకేసింది, “మాస్టారూ, గువ్వ పడిపోయిందండీ, చచ్చిపోయేట్టుంది” అని. వెళ్ళి చూస్తే వడియాలు ఆరబెట్టిన బట్ట పక్కన గువ్వ ఒక వైపుకి ఒరిగి పడుకుని ఉంది. ఒక రెక్క పైకెత్తింది, తోక విసనకర్రలా విప్పింది, కన్ను సగం మూసింది, ముక్కు కొద్దిగా తెరిచింది. ఆగమనేలోపే ఆవిడ చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. గువ్వ ఎగిరిపోయింది, వడియాలు తడిశాయి, ఆ వడియాలకి కారణం నేనే అయ్యాను. గోరింకలు, కాకులు కూడా ఇలాగే ఎండలో పడుకుంటాయి. దెబ్బ తగిలిందనుకుని పిల్లలు పట్టుకొస్తారు. తేవద్దు నాయనా, అది ఎండ కాగుతోంది.

మరి వేడికి నోరు తెరుచుకుని కూడా ఎందుకు పడుకుంటుంది? వెచ్చదనమే కావాలంటే అప్పటికే లేచి నీడకి పోవాలి కదా. ఈకల్లో పేలుంటాయి, అవి ఈకల్ని కొరికి తింటాయి. కొందరు ఆ పేలనే తీసుకుని కొన్నిటిని ఎండలో, కొన్నిటిని నీడలో పెట్టి చూస్తే ఎండలోవి ఎక్కువ చచ్చాయి. మరో చోట కొన్ని కోవెల పిచ్చుకలకి పురుగుల మందు పట్టించి ఈకల్ని శుభ్రం చేస్తే, అవి ఎండలో పడుకోవడం తగ్గించేశాయి. చావని పేలు కూడా వేడికి తట్టుకోలేక కదిలి బయటపడితే ముక్కుతో ఏరుకోవడం తేలికవుతుందని ఒక అభిప్రాయం. మన ఆడవాళ్ళు బియ్యం ఎండలో పోసేది దేనికో వేరే చెప్పాలా?

రాబందుల లెక్క వేరు. గంటల తరబడి గాలిలో తేలడంతో వాటి రెక్కల చివరి పెద్ద ఈకలు పైకి వంగిపోతాయి. అలా వంగిన ఈక ఎండలో నాలుగైదు నిమిషాల్లో తిరిగి సాపవుతుందని, నీడలో అయితే రెండు మూడు గంటలు పడుతుందని 1980లో ఒక పరిశోధన వచ్చింది. మన పిల్లలకి చూపిద్దామంటే రాబందు ఏది? గొడ్లకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫినాక్ అనే మందు, ఆ కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసిందని 2004లో బయటపడింది. పశువులకి వాడకుండా 2006లో మన దేశంలో నిషేధించారు. అప్పటికే దాదాపు అన్నీ పోయాయి. తెలంగాణలో బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కొన్ని కనిపించాయన్నప్పుడు నేను పండగ చేసుకున్నాను.

రాబందు అంటే మనకి జటాయువు. జటాయువు అన్న సంపాతిని మాత్రం ఎవరూ తలుచుకోరు. కిష్కింధ కాండలో ఉంది కథ. అన్నదమ్ములిద్దరూ పందెం వేసుకుని సూర్యుడి దగ్గరికి ఎగిరారు. తమ్ముడు వేడికి సొమ్మసిల్లుతుంటే అన్న తన రెక్కలు చాపి నీడపట్టాడు. రెక్కలు కాలిపోయి వింధ్య మీద పడ్డాడు. సీత లంకలో ఉందని వానరులకి చెప్పాకే మళ్ళీ రెక్కలు మొలిచాయి. మా చిన్నప్పుడు హరిదాసు ఈ ఘట్టం చెబుతూ రెండు చేతులూ చాపి నిలబడేవాడు, చిడతలు ఒక చేతిలో అలాగే ఉండేవి. గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్ళి ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళు చూడండి. ఎండ ముదిరాక తల్లి గాని తండ్రి గాని సూర్యుడికి అడ్డంగా నిలబడి, రెక్కలు కిందికి చాపి, బోడి పిల్లల మీద నీడపడుతుంది. ఎండ కదిలినకొద్దీ అదీ జరుగుతుంది. ఇది చూడకుండా సంపాతి కథ పుట్టి ఉండదని నా నమ్మకం. పండితులు ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

ఇక్కడ చేపల చెరువుల రైతులు ఉన్నారు, వాళ్ళ మొహాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నీటికాకి మీ చేపపిల్లల్ని తింటుంది, కాదనను. మీ చెరువు మీద తాళ్ళు కట్టుకోండి, డబ్బా కొట్టుకోండి, నేను అడ్డం రాను. ఊరి చెరువు సంగతి వేరు, అది ఎవరి పెట్టుబడీ కాదు. అక్కడ కూడా టపాకాయలు దేనికి? పెళ్ళి ఫొటోల కుర్రాళ్ళు డ్రోన్ ఎగరేసి వాటిని లేపి, అవి గుంపుగా లేవడం వీడియో తీస్తున్నారు. తడి రెక్కలతో బరువుగా లేచిన పక్షి ఎంత ఆయాసపడుతుందో ఆ వీడియోలో మీకు కనపడదు. వీడియోలో పాట ఉంటుంది.

తూర్పు తూము దగ్గర ఇంకా నాలుగు మోళ్ళు మిగిలాయి. జేసీబీ అందక వదిలేశారు. రెండో విడత పనుల్లో వాటినీ తీస్తారని విన్నాను. నేను అడిగేది పెద్ద కోరికా? పైసా ఖర్చు లేదు. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే చాలు. చెయ్యకుండా ఉండడానికి కూడా అర్జీ పెట్టాల్సి రావడం మన ఖర్మ. సర్పంచ్ గారూ, మీరు ఇక్కడే ఉన్నారు గనక అడుగుతున్నాను, వచ్చే గ్రామసభలో ఇది తీర్మానం పెట్టండి. ఒక్కణ్ణే వెళ్తే మాస్టారికి పనిలేదంటారు. వందమంది సంతకాలుంటే ఆ సెలవులో ఉన్న ఆయన కూడా వస్తాడు.

అర్జీ రాసి తెచ్చాను, పేపర్లు చదివే పెద్ద బల్ల మీద పెట్టాను, పెన్ను పక్కనే ఉంది. పిల్లలు సంతకం చెయ్యొద్దు, ఇంటికెళ్ళి అమ్మానాన్నల్ని పంపండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు, స్టాంపు ప్యాడ్ కూడా తెచ్చాను.