ఏడో తరగతి పిల్లకు కవిత్వంలో ఒక నవల

అందరికీ నమస్తే. టీచర్లు, లైబ్రరీ వాళ్ళు, రాసేవాళ్ళు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలు, చాలామందే వచ్చారు, సంతోషం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: పదకొండు నుంచి పదిహేనేళ్ళ మధ్య ఉన్న మన పిల్లలకు కవిత్వంలో రాసిన పెద్ద కథలు కావాలి. అవి వాళ్ళ బతుకు గురించి, వాళ్ళ మాటలో ఉండాలి.

ఇప్పుడు వాళ్ళకు దొరుకుతున్నదేంటి? అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా చేతులూపుతూ పాడే అభినయ గేయాలు. ఆ తర్వాత శతక పద్యాలు, ప్రతిపదార్థం, తాత్పర్యం, చూడకుండా రాస్తే మార్కులు. శతకాలంటే నాకు గౌరవం ఉంది, ఆటవెలది నోటికొచ్చిన పిల్లకు భాష నడక ఊరికే పట్టుబడుతుంది. కానీ నీతి పద్యం నాలుగు పాదాల్లో అయిపోతుంది, ‘తర్వాత ఏమైంది?’ అని అడగడానికి అందులో మనిషి ఉండడు. పెద్దవాళ్ళ వచన కవిత్వం ఆ వయసు వాళ్ళ కోసం రాసింది కాదు. సరిగ్గా ఆ నాలుగైదేళ్ళలోనే చాలామంది పిల్లలు పుస్తకం పక్కన పడేస్తారు.

ఇంగ్లీషులో ఈ ఖాళీని పూడ్చడానికి ఒక దారి వేసుకున్నారు. నవలంతా చిన్న చిన్న కవితలుగా రాస్తారు, ఒక్కో కవితా ఒకటి రెండు పేజీలు, ఒక్కోదాంట్లో ఒక్క సంఘటన. కారెన్ హెస్సె రాసిన ‘ఔట్ ఆఫ్ ది డస్ట్’ అలాంటిదే, 1998లో న్యూబెరీ మెడల్ వచ్చింది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే బహుమతి అది. 1930లలో అమెరికాలోని ఓక్లహోమాలో వానల్లేక, దుమ్ము తుపానులు పంటల్ని మింగేస్తున్నప్పుడు ఓ రైతు కూతురు చెప్పుకున్న కథ. తాన్హా లై తన చిన్నతనాన్నే కథ చేసి, 1975లో వియత్నాంలోని సైగాన్ వదిలి అమెరికా చేరిన పదేళ్ళ పిల్ల గొంతులో ఇంకోటి రాసింది. కొత్త ఊళ్ళో భాష రాక బడిలో మూగగా కూర్చున్న పిల్లకు పొడుగాటి వాక్యాలెక్కడివి? అందుకే ఆ పుస్తకంలో పాదాలన్నీ పొట్టివి. రూపం కథలోంచే పుట్టాలని నేననేది దీన్ని చూసే.

ఇది ఎలా పనిచేస్తుందో మన దగ్గరి మాటతో చూపిస్తాను. జగిత్యాల వైపు ఓ పిల్ల అనుకోండి, నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు. ఈ ముక్క నేను రాసిందే:

బాపు ఫోన్ చేసిండు.
అక్కడ ఎండ ఎక్కువున్నదట.
ఈడ గూడ ఎక్కువే
అన్న నేను.
తర్వాత
ఇద్దరం
కాసేపు ఏం మాట్లాడలే.

‘తర్వాత’ అన్న మాట ఒక్కటే ఒక పాదం, ‘ఇద్దరం’ ఇంకో పాదం. చదివే పిల్ల అక్కడ ఆగక తప్పదు, ఆ ఆగడంలోనే ఫోన్‌లోని మౌనం వినపడుతుంది. ఇదే వచనంలో రాసుంటే బెంగ అనో, కళ్ళు చెమర్చాయనో నేను చెప్పాల్సి వచ్చేది. ఇక్కడ చెప్పలేదు, పిల్లే పట్టుకుంటుంది. తనంతట తాను పట్టుకున్నది కాబట్టి అది తనదవుతుంది. పైగా పేజీలో సగం ఖాళీగానే ఉంటుంది, లావు పుస్తకం చూస్తేనే టెన్షన్ పడే పిల్లవాడు కూడా ఇరవై పేజీలు ఒక్క గుక్కలో చదివేస్తాడు.

అయితే వాక్యాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేర్చినంత మాత్రాన కవిత్వం కాదు. పాదాలన్నీ కలిపేసి మామూలు వాక్యంగా గట్టిగా చదవండి. ఏమీ పోలేదనిపిస్తే, దాన్ని వచనంగానే ఉంచేయండి. పిల్లలు ఈ తేడాను మనకంటే తొందరగా కనిపెడతారు.

ఇదేదో బయటి నుంచి తెచ్చుకోవాల్సిన సరుకని మాత్రం అనుకోకండి. పాల్కురికి సోమన ఊరు పాలకుర్తి మన వరంగల్‌కు ఎంత దూరం? ఆయన పదమూడో శతాబ్దంలో బసవ పురాణం మొత్తం ద్విపదలో చెప్పాడు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, రెండేసి పాదాలు, అంతే. ఎన్ని ద్విపదలైనా పేర్చుకుంటూ పోవచ్చు, కథ ఎంత దూరం పోతే ఛందస్సు అంత దూరం వస్తుంది. అందులో గొడగూచి అనే చిన్న పిల్ల కథ చూడండి. తండ్రి ఊరెళ్తూ గుడిలో శివుడికి పాలు పెట్టమని కూతురికి అప్పగించి పోతాడు. దేవుడు నిజంగానే తాగుతాడని పిల్ల నమ్మకం. ఆయన తాగడు. బతిమాలుతుంది, బుజ్జగిస్తుంది, ఏడుస్తుంది, ఇంట్లో తిడతారని భయపడుతుంది, చివరికి తల బాదుకుని చస్తానంటుంది. అప్పుడు శివుడొచ్చి తాగుతాడు. పెద్దలు పని అప్పజెప్పి పోతే, అది కాకపోయేసరికి పిల్లకు వచ్చే వణుకు ఏడో తరగతి పిల్లకు తెలియంది కాదు. భక్తి కథ అని పక్కన పెట్టేశాం గానీ, చిన్న పిల్ల మనసులోంచి ఇంత లోతుగా చెప్పిన కథ మన పెరట్లోనే ఉంది.

బతుకమ్మ దగ్గరికి రండి. ఒకామె పాదం ఎత్తుకుంటుంది, చివర ‘ఉయ్యాలో’ పడుతుంది, మిగతావాళ్ళంతా అందుకుంటారు. ఆ అందుకునే సమయమే విన్నవాళ్ళకు ఆ పాదంలో నిలబడే సమయం. ధర్మాంగదుడి కథ, రామాయణ ఘట్టాలు ఇలాగే గంటల తరబడి నడుస్తాయి, చుట్టూ తిరుగుతున్న ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా కథ ఎక్కడుందో తెలుసు. ఒగ్గు కథలో పాట ఆగి మాట మొదలయ్యే చోటు చూడండి, జనం ముందుకు వంగేది అక్కడే. రాసేవాళ్ళు వీటిలోంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది, అనుకరించడం కాదు, ఎక్కడ పాడాలి, ఎక్కడ ఆపాలి అన్నది.

భాష సంగతి కాళోజీ ఎప్పుడో చెప్పాడు, బడి పలుకులు కాదు పలుకుబడి కావాలని. పిల్ల ‘బాపు’ అంటే పుస్తకంలో కూడా ‘బాపు’ అనే ఉండాలి.

ఇంకో మాట, ఇది నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఓక్లహోమా రైతు కూతురి పుస్తకానికి బహుమతి వచ్చిన 1998 గుర్తుందా? 1997-98 సీజన్‌లోనే మన వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టింది, మందులు కొట్టినా చావలేదు, అప్పులు మీదపడి రైతులు అదే పురుగుమందు తాగి చనిపోయారు. పేపర్లు రాశాయి, కమిటీలొచ్చాయి, పెద్దవాళ్ళు కవితలు రాశారు. ఆ ఇళ్ళల్లో పన్నెండేళ్ళ పిల్లలున్నారు. తెల్లారి బడికి పోవాలా వద్దా, పురుగుమందు డబ్బా ఎక్కడ దాచాలి, అప్పులాయన వస్తే తలుపు ఎవరు తీయాలి, ఇవన్నీ వాళ్ళు చూశారు. ఆ పిల్ల గొంతుతో ఒక పుస్తకం, పిల్లలు చదివే పుస్తకం, నాకు కావాలి. వచనంలో అంత దుఃఖం పేజీల కొద్దీ నింపితే పిల్లలు మోయలేరు. కవితకూ కవితకూ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి, అక్కడ ఊపిరి పీల్చుకుని మళ్ళీ చదువుతారు.

రాయాలనుకునేవాళ్ళు ముందు పది కవితలు రాసి, దగ్గర్లోని బడికి వెళ్ళి గట్టిగా చదవండి. పిల్లలు ఎక్కడ కిటికీలోంచి బయటికి చూస్తారో ఆ పాదం కొట్టేయండి. టీచర్లు దయచేసి తాత్పర్యం అడగకండి, పీరియడ్ చివర ఐదు నిమిషాలు చదివి వదిలేయండి, మిగతాది రేపు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి నడుస్తోంది. అలాంటి లైబ్రరీల్లో, ఊళ్ళలోని శాఖా గ్రంథాలయాల్లో, ఈ వయసు పిల్లల కోసం ఒక్క అర విడిగా పెట్టమని అడుగుతున్నాను, వాళ్ళ చెయ్యి అందే ఎత్తులో. రాసిన కాయితాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే నాకివ్వండి, చదివి మాట్లాడతాను.