వాగు అడుగున ఆకు ఏమవుతుంది?

[తెర మీద: ఎండుటాకు నీళ్లలో పడి, కొంత దూరం కొట్టుకుపోయి, రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది]

నమస్కారం. అడవిలో పారే చిన్న వాగులోకి ఏటా బోలెడంత ఆకు రాలుతుంది. కొంత దిగువకు కొట్టుకుపోతుంది. మిగతాది ఏమవుతుంది? అది తెలియాలంటే పైన పారే నీళ్లను చూస్తే చాలదు, కింద ఉన్న ఇసుకనూ కంకరనూ చూడాలి.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో బేర్ బ్రూక్ అనే చిన్న వాగు ఉంది. స్టువార్ట్ ఫిషర్, జీన్ లైకెన్స్ అనే శాస్త్రవేత్తలు అందులో 1,700 మీటర్ల మేర ఏడాదిలో ఎంత సేంద్రియ పదార్థం (ఆకులు, పుల్లల్లాంటివి) వచ్చింది, ఎంత పోయింది అని లెక్కగట్టి 1973లో ప్రచురించారు. ఆ వాగుకు అందే శక్తిలో 99 శాతానికి పైగా బయటి నుంచి వచ్చిందే. వాగులోని నాచు సొంతంగా తయారుచేసింది ఒక శాతం కూడా లేదు. వచ్చినదాంట్లో దాదాపు మూడో వంతును అక్కడి జీవులే వాడేసుకున్నాయి. నీళ్లు కొన్ని గంటల్లో దాటేసే దూరంలో అంత పని జరగడం మామూలు విషయం కాదు.

[తెర మీద: ఆకు దగ్గరి దృశ్యం]

నీళ్లలో పడ్డ ఒకటి రెండు రోజుల్లోనే ఆకులోంచి చక్కెరల్లాంటివి కరిగి బయటికొస్తాయి. కొన్ని రకాల ఆకులైతే పావు వంతు బరువు అప్పుడే కోల్పోతాయి. తర్వాత బూజు పడుతుంది. ఇది నీళ్లలో బతికే ప్రత్యేకమైన బూజు. రాళ్ల దగ్గర పోగయ్యే తెల్లటి నురగ చుక్క ఒకటి తీసి మైక్రోస్కోప్ కింద పెడితే దాని బీజాలు కనిపిస్తాయి. చాలావాటికి నాలుగు చేతులు చాపినట్టు కొమ్మలుంటాయి. వేగంగా పారే నీళ్లలో ఆకును పట్టుకోవడానికి ఆ ఆకారం పనికొస్తుంది.

బూజు మెత్తబరిచిన ఆకును పురుగుల లార్వాలు కొరికి తింటాయి. వాటి మలం, ఆకు తునకలు సన్నటి పొడిగా మారి ఇసుక సందుల్లోకి దిగుతాయి. అసలు కథ ఇక్కడే ఉంది.

[తెర మీద: వాగు అడుగు నిలువు కోత, బాణాలతో నీటి దారి]

వాగు నీరు పైన మాత్రమే పారదు. రాళ్ల గుట్ట అడ్డొచ్చిన చోట కొంత నీరు కంకరలోకి దిగి, లోపలే నడిచి, మళ్లీ దిగువన పైకి తేలుతుంది. ఎండాకాలం పైన చుక్క లేని వాగులో చెలమ తవ్వితే నీళ్లు ఊరేది కూడా ఇసుక లోపల నీరు ఉండబట్టే. ఆ దారిలో ప్రతి ఇసుక రేణువు మీదా బ్యాక్టీరియా జిగట పొర ఉంటుంది. ఎదురొచ్చిన సేంద్రియ పదార్థాన్ని అది పట్టుకుని తినేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది.

దీనికి ఆక్సిజన్ కావాలి. పెద్ద కంకరలో అది లోతు వరకూ అందుతుంది. సన్నటి బురదలో కొన్ని మిల్లీమీటర్లకే అయిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను వాడుకుని, దాన్ని నైట్రోజన్ వాయువుగా మారుస్తాయి. పొలాల నుంచి వచ్చే ఎరువు భారం ఇలా కొంత తగ్గుతుంది. నైట్రేట్ కూడా అయిపోతే ఇనుమును, తర్వాత సల్ఫేట్‌ను వాడుకుంటాయి, చివరికి మీథేన్ వాయువు తయారయ్యే దాకా వెళ్తుంది. ఆకులు కుళ్లిన బురదను చేత్తో తవ్వి చూడండి: పైన గోధుమ రంగు, కింద నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన సల్ఫేట్ దశది.

[తెర మీద: వాగు మీద పరిచిన వల]

అమెరికాలోనే నార్త్ కరోలినాలోని కోవీటా అడవిలో 1993 నుంచి ఒక వాగు మీద వల కప్పి ఆకులు పడకుండా ఆపారు. కంకర, ఇసుక కలిసిన అడుగున పురుగులు బాగా తగ్గాయి, వాటిని తినే పురుగులూ తగ్గాయి. నాచు పట్టిన రాతి పలకల మీద మాత్రం పెద్దగా మార్పు రాలేదు. ఆకుల మీద ఆధారపడిన బతుకంతా ఆ కంకర, ఇసుకలోనే ఉందని దీంతో తేలింది.

2007లో వేసిన అంచనా ప్రకారం నేల నుంచి నదులు, చెరువుల్లోకి ఏటా చేరే కార్బన్ దాదాపు 190 కోట్ల టన్నులు. సముద్రం చేరేది 90 కోట్లే. మిగతాది దారిలోనే వాయువుగా పోతుంది, లేదా అడుగున పూడిపోతుంది.

అందుకే అడుగును పాడు చేయడం అంటే నాకు భయం. ఒడ్డున చెట్లు కొట్టేస్తే కొట్టుకొచ్చే ఒండ్రు కంకర సందులను మూసేస్తుంది. మురుగు కలిస్తే ఉన్న ఆక్సిజనంతా దానికే ఖర్చవుతుంది. ఇక ఇసుకను లారీలకెత్తి తోడేస్తే ఆ జిగట పొరలు, ఆ నీటి దారులు, అందులోని పురుగులు అన్నీ ఇసుకతోపాటే పోతాయి.