మాట్లాడగలిగితే ఆటిజం లేనట్టేనా? పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవడం గురించి

[మామూలు గది, కెమెరా ఎదురుగా]

పోయిన నెల ఒక పెళ్లిలో మా పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నీకేదో ఆటిజం అంటున్నారు, అదేంటే? అది చిన్నపిల్లలకు కదా ఉండేది? ఉద్యోగం చేస్తున్నావు, కాపురం చేసుకుంటున్నావు, ఇప్పుడు నాతో బాగానే మాట్లాడుతున్నావు కదా" అంది. ప్రేమగానే అడిగింది, నాకు కోపం రాలేదు. కానీ కొన్నేళ్ల కిందట ఇదే మాట ఒక డాక్టర్ గారు కూడా అన్నారు. "కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు కదమ్మా, మీకు ఆటిజం ఉండదు" అని ఐదు నిమిషాల్లో పంపించేశారు. ఆ తర్వాత రెండేళ్లకు, నా 37వ ఏట, ఇంకో చోట పూర్తిగా పరీక్షించి ఉందని తేల్చారు. ఆ రెండేళ్లూ నేను నన్నే తప్పుపట్టుకుంటూ గడిపాను. మీలో ఎవరికీ అలా జరగకూడదని ఈ వీడియో చేస్తున్నాను.

పిల్లల్లో ఆటిజం గురించి తెలుగులో ఇప్పటికే చాలా చెప్పారు, నేను మళ్లీ చెప్పను. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతారు, ఆటిజం వాళ్లతోనే ఉంటుంది. ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో చిన్నప్పటి నుంచే ఉండే ఒక తేడా, మనుషులతో కలవడం, మాటల వెనక ఉద్దేశం పట్టుకోవడం అందరిలా తేలిగ్గా రావు. నా మాటలు చిన్నప్పుడు ఎవరూ గుర్తించని వాళ్ల గురించి.

ఒక పోలిక చెప్తాను. ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. డిగ్రీకి గుంటూరు వెళ్లగానే ఒక్కసారిగా అంతా ఇంగ్లిష్. మీలో చాలామంది ఆ దారిలో వచ్చినవాళ్లే. క్లాసులో లెక్చరర్ ఏదో అడుగుతారు. ముందు దాన్ని తెలుగులోకి మార్చుకోవాలి. తెలుగులో జవాబు ఆలోచించాలి. మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చాలి, హ్యాజ్ పెట్టాలా హ్యావ్ పెట్టాలా చూసుకోవాలి. నోరు తెరిచేసరికి ప్రశ్న పక్క బెంచీకి వెళ్లిపోయేది. జవాబు తెలిసే ఉండేది, మాటలే సమయానికి అందేవి కావు. సాయంత్రం హాస్టల్‌కి వచ్చేసరికి తల దిమ్మెక్కిపోయి, పుస్తకం పట్టుకోబుద్ధి అయ్యేది కాదు.

మనుషులతో మామూలుగా మాట్లాడటం నాకు ఇప్పటికీ అలాగే ఉంటుంది, తెలుగులో మాట్లాడుతున్నా సరే. "భోంచేశావా?" అన్నారనుకోండి. ఇది పలకరింపా, నిజంగా భోజనానికి పిలుస్తున్నారా? "ఒకసారి మా ఇంటికి రండి" అంటే ఎప్పుడు వెళ్లాలి? ఇప్పుడు నవ్వాలా? కళ్లలోకి ఎంతసేపు చూడాలి? వాళ్లు చెప్పేది అయిపోయిందా, నేను అందుకోవచ్చా? చాలామందికి ఇవన్నీ అమ్మభాషలా వచ్చేస్తాయి. నేను ఒక్కొక్క మాటకూ వ్యాకరణం చూసుకోవాలి.

పదిహేనేళ్లు మాట్లాడితే ఇంగ్లిష్ వచ్చేస్తుంది. ఇప్పుడు ఆఫీసులో నా ఇంగ్లిష్ వింటే నేను తెలుగు మీడియం అని ఎవరూ పోల్చుకోలేరు. అయినా జ్వరం వచ్చినప్పుడు, నిద్ర లేనప్పుడు, భయం వేసినప్పుడు ముందు పోయేది ఆ ఇంగ్లిషే. పెద్దవాళ్లలో ఆటిజం ఇలాగే లోపల దాగి ఉంటుంది. చూసి నేర్చుకుని, కష్టపడి, పైకి కనిపించకుండా నెట్టుకొస్తారు. దీన్ని మాస్కింగ్ అంటారు.

మా పెద్దమ్మతో నేను బాగా మాట్లాడిన మాట నిజమే. దానికి ముందు రోజు రాత్రి ఎవరెవరు వస్తారు, ఎవరిని ఏ వరసతో పిలవాలి, ఏం అడగాలి అన్నీ కాగితం మీద రాసుకున్నాను. బ్యాండు మేళానికి దూరంగా ఉండే కుర్చీ చూసుకున్నాను. ఇంటికి వచ్చాక లైట్లు ఆర్పేసుకుని, మర్నాడు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. పెద్దమ్మ చూసింది ఆ పది నిమిషాలే. పరీక్ష చేసేవాళ్లు మిగతాదంతా అడిగి తెలుసుకోవాలి.

"అందరికీ ఎంతో కొంత ఆటిజం ఉంటుందిలే" అనే మాట కూడా నన్ను చాలా బాధపెడుతుంది. కాన్వెంట్‌లో చదివిన పిల్లాడికి కూడా ఒక్కోసారి ఇంగ్లిష్ మాట గుర్తురాదు. అలాగని వాడు తెలుగు మీడియం అయిపోతాడా? ప్రతి రోజూ, ప్రతి వాక్యానికీ, చిన్నప్పటి నుంచీ ఆ శ్రమ ఉందా అన్నదే లెక్క.

ఇదే పోలికలో ఇంకొక్క మాట. ఇద్దరు తెలుగు మీడియం వాళ్లు క్యాంటీన్‌లో కలిస్తే ఎలా ఉండేది? గలగలా మాట్లాడుకునేవాళ్లం. ఆటిజం ఉన్నవాళ్లం ఒకరితో ఒకరం కలిసినప్పుడు కూడా చాలాసార్లు అంత తేలిగ్గా ఉంటుంది. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో దీని గురించి రాశారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది, లోపమంతా ఒక వైపే ఉందనుకోవడం పొరపాటు అన్నారు. అది చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను.

మాటల వ్యవహారం సగమే. శబ్దం, వెలుతురు, వాసన, బట్టల కుట్టు గుచ్చుకోవడం, అనుకున్న పని చివరి నిమిషంలో మారితే తట్టుకోలేకపోవడం, ఒకే విషయంలో పూర్తిగా మునిగిపోవడం, ఇవి రెండో సగం. నేను ఎనిమిదో తరగతిలో పంచాంగం లెక్కలు పట్టుకున్నాను. తిథి ఎప్పుడు మారుతుందో గంటల తరబడి చెప్పేదాన్ని. వినేవాళ్లు విసిగిపోయారని నాకు తెలిసేది కాదు.

మరి చిన్నప్పుడు ఎవరూ ఎందుకు గుర్తించలేదు?

[స్క్రీన్ మీద: 1980, 1994, 2013]

డాక్టర్లు వాడే డీఎస్ఎం అనే అమెరికన్ పుస్తకంలో ఆటిజం ఒక ప్రత్యేక నిర్ధారణగా చేరిందే 1980లో. మాటలు బాగా వచ్చినవాళ్లకు ఆస్పర్జర్స్ అనే పేరు 1994లో వచ్చింది. 2013లో అన్నీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అన్నారు. శబ్దం, వెలుతురు లాంటి ఇబ్బందులు అప్పుడే లక్షణాల జాబితాలో చేరాయి. ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి ఇబ్బందులను ఏడీహెచ్‌డీ అంటారు. అదీ, ఆటిజం రెండూ ఒకే మనిషికి రాయడానికి కూడా అప్పుడే వీలైంది. లక్షణాలు చిన్నప్పటి నుంచే ఉండాలి, కానీ నేర్చుకున్న పద్ధతుల వల్ల తర్వాత కప్పబడిపోవచ్చు అని కూడా అందులో స్పష్టంగా రాశారు. నన్ను ఐదు నిమిషాల్లో పంపేసిన డాక్టర్ గారు ఆ వాక్యం చదివి ఉంటే బాగుండేది.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉంటే అందులో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాలు చేశారు, అందులో చేర్చారు. నేను బడికి వెళ్లింది తొంభైల్లో. మా మాస్టార్లకు ఈ మాట ఎవరు చెప్తారు?

ఆడపిల్లల విషయంలో ఇంకో కష్టం. మగపిల్లాడు మాట్లాడకపోతే మొండి, పొగరు అంటారు, కనీసం ఎవరో ఒకరు పట్టించుకుంటారు. ఆడపిల్ల మాట్లాడకపోతే "ఎంత బుద్ధిమంతురాలో, గట్టిగా నోరెత్తదు" అని మెచ్చుకుంటారు. నన్ను పదిహేనేళ్లు అలాగే మెచ్చుకున్నారు.

సరే, ఎక్కడికి వెళ్లాలి? సైకియాట్రిస్ట్ దగ్గరికి, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి. వాళ్లకు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగండి. అడగడం తప్పు కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టిన ప్రతి ఒక్కరూ ఈ నిర్ధారణ చేయలేరు. ప్రభుత్వం వైపు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో మానసిక వైద్యశాల, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందే ఫోన్ చేసి, పెద్దవాళ్లకు ఈ పరీక్ష చేస్తారా అని కనుక్కోండి. పిల్లలకే చేసేవాళ్లు ఎక్కువ.

రక్తపరీక్ష, స్కాన్ ఇలాంటివేవీ ఆటిజాన్ని తేల్చలేవు. అంతా మాటలతో, గమనించడంతో జరుగుతుంది. నాకు మూడు సిట్టింగులు పట్టింది. చిన్నతనం గురించి చాలా అడిగారు, అమ్మతో విడిగా మాట్లాడారు. అమ్మానాన్నలు లేకపోతే అక్కో, మేనత్తో, చిన్నప్పటి స్నేహితురాలో చెప్పినా పనికొస్తుంది. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తీసుకెళ్లండి. నా ఏడో తరగతి కార్డులో "బాగా చదువుతుంది, ఎవరితోనూ కలవదు" అని టీచర్ రాసిన ఒక్క లైను చాలా ఉపయోగపడింది. కొన్నిచోట్ల ఏడాస్-2 అనే పరీక్ష చేస్తారు, అందులో నాలుగో మాడ్యూల్ మాటలు బాగా వచ్చిన పెద్దవాళ్ల కోసమే. యాంగ్జైటీ, డిప్రెషన్, ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ రావడం), ఏడీహెచ్‌డీ ఉన్నాయేమో కూడా చూస్తారు. ఆటిజంతో పాటు ఇవీ ఉండొచ్చు, లేదా ఇవి మాత్రమే ఉండొచ్చు. ఆటిజం కాదని తేలినా, మీ కష్టానికి వేరే కారణం దొరికితే అది కూడా మంచిదే.

ఆన్‌లైన్ టెస్టుల గురించి చాలామంది అడుగుతున్నారు. ఏక్యూ అని 50 ప్రశ్నలది ఒకటి ఉంది, 2001లో కేంబ్రిడ్జ్‌లో తయారైంది. చేసుకోండి, కానీ అది దారి చూపడానికే, తీర్పు చెప్పదు. పైగా అది వాళ్ల ఊరి మనుషుల కోసం రాసింది. అందులో థియేటర్‌కి వెళ్లడం ఇష్టమా, మ్యూజియంకి వెళ్లడం ఇష్టమా అన్నట్టు ఒక ప్రశ్న వస్తుంది. వాళ్లకు థియేటర్ అంటే నాటకం. మనకు సినిమా హాలు! అక్కడే జవాబు మారిపోతుంది. అందుకే ప్రతి ప్రశ్న పక్కన మీ జీవితంలోంచి ఒక సంఘటన రాసుకుని ఆ కాగితం డాక్టర్‌కి ఇవ్వండి. మార్కులకన్నా ఆ సంఘటనలే వాళ్లకు ఎక్కువ పనికొస్తాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

డాక్టర్ ఇచ్చే రిపోర్టు వేరు, వైకల్య ధ్రువపత్రం వేరు. రెండోదానికి యూడీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ వైకల్య గుర్తింపు పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. మన దగ్గర ఇప్పటికీ అందరూ సదరం సర్టిఫికెట్ అనే అంటారు. ఆటిజం తీవ్రతను కొలవడానికి ఐసా అనే స్కేలు ఉంది, 40 అంశాలు, సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది. మాస్కింగ్ బాగా అలవాటైన పెద్దవాళ్లకు అందులో తక్కువ మార్కులు పడొచ్చు. రిజర్వేషన్ లాంటి వాటికి ధ్రువపత్రంలో 40 శాతం వైకల్యం ఉండాలి. అది రాకపోయినా మీ రిపోర్టు అబద్ధమైపోదు, దయచేసి కుంగిపోకండి.

ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. నేను మా మేనేజర్‌కి మాత్రమే చెప్పాను. పనులు నోటితో కాకుండా మెయిల్‌లో చెప్పమన్నాను, గోడ పక్క సీటు అడిగాను. ఆ రెండింటితో సాయంత్రం తలనొప్పి సగం తగ్గింది.

ఆటిజానికి మందు లేదు. ఆందోళనకు, నిద్రకు, డిప్రెషన్‌కు ఉంది, అవసరమైతే వాడండి. స్టెమ్ సెల్స్‌తో ఆటిజం తగ్గిస్తామని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి. ఆటిజానికి ఆ చికిత్స వద్దని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి మాట, "నా పెంపకంలో తప్పు జరిగిందా?" అని. లేదమ్మా. ఇది పెంపకం వల్ల రాదు. మీ అమ్మకు కూడా ఈ మాట ముందే చెప్పేయండి, ఆమె అడిగేదాకా ఆగకండి.

మనసు బాగా బరువెక్కినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

క్లినిక్‌కి ఫోన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉందా? ఇది రాసుకుని, చూసి చదివేయండి.

[స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో]

"నమస్కారం అండీ. నా వయసు ఇంత. నాకు ఆటిజం ఉందేమో అని అనుమానం. మీ దగ్గర పెద్దవాళ్లకు ఆ పరీక్ష చేస్తారా? ఎవరు చేస్తారు, ఎన్ని సిట్టింగులు, ఎంత ఖర్చవుతుంది?"

నేను అలాగే చదివాను. అవతల ఆవిడ "చేస్తామండీ, మంగళవారం రండి" అంది.