ఫుడ్ హాల్‌లో మొదటి కౌంటర్ దగ్గరే ఆగిపోకండి

అందరికీ నమస్కారం. ఈరోజు వీడియో అంతా ఫుడ్ హాల్ గురించే. ఒకే కప్పు కింద ఇరవై ముప్పై స్టాళ్లు, మధ్యలో పొడవాటి బల్లలు, ఓ పక్కన బార్, ఇంకో మూలన కాఫీ కౌంటర్. లోపలికి అడుగు పెట్టగానే ఎటు చూడాలో తోచదు. ఆకలి మీద వెళ్తే మరీ కష్టం. గుమ్మం పక్కనే ఉన్న స్టాల్‌లో పెద్ద ప్లేటు ఒకటి చెప్పేసి, అది తిని లేచాక అటువైపు చూస్తే అసలైన స్టాళ్లన్నీ అక్కడుంటాయి. తినాలని ఉంటుంది, కడుపులో చోటుండదు. ఆ పరిస్థితి మీకు రాకూడదనే ఈ వీడియో.

ముందుగా ఒక్క మాట. మాల్‌లో ఉండే ఫుడ్ కోర్ట్ వేరు, ఇది వేరు. ఫుడ్ కోర్ట్‌లో ఎక్కువగా ఉండేవి పెద్ద బ్రాండ్ల శాఖలు. ఊరు మారినా అదే బోర్డు, అదే రుచి. మంచి ఫుడ్ హాల్‌లో ఉండేది ఆ ఊళ్లోనే పేరు తెచ్చుకుంటున్న వంటవాళ్లు. సొంతంగా రెస్టారెంట్ పెట్టాలంటే అడ్వాన్సు, కిచెన్, కుర్చీలు, బల్లలు, సిబ్బంది... అంత పెట్టుబడి అందరి దగ్గరా ఉండదు. ఇక్కడైతే బల్లలు హాలువాళ్లవి, గిన్నెలు తోమే ఏర్పాటు వాళ్లది, జనాన్ని రప్పించే పనీ వాళ్లదే. చాలా హాళ్లలో అద్దెకు బదులుగానో, అద్దెతో పాటుగానో అమ్మకాల్లో ఇంత శాతం అని తీసుకుంటారు. దాంతో చేతిలో మంచి వంట ఉండి, డబ్బు తక్కువున్న మనిషి కూడా ధైర్యం చేయగలుగుతాడు. ఫుడ్ హాళ్లంటే నాకింత ఇష్టం కలగడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ హాళ్లు చాలావరకు పాత కట్టడాల్లో వెలిశాయి. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1882లో కట్టిన మెర్కాడో దా రిబైరా అనే మార్కెట్ భవనం ఉంది. 2014లో టైమ్ అవుట్ పత్రికవాళ్లు అందులో ఒక భాగాన్ని ఫుడ్ హాల్‌గా మార్చారు. ఎవరికి స్టాల్ ఇవ్వాలో ఎంపిక చేసింది ఆ పత్రిక సంపాదక బృందమే. పక్క భాగంలో కూరగాయలు, చేపల మార్కెట్ మామూలుగానే నడుస్తుంది. మాడ్రిడ్‌లో 1916 నాటి ఇనుప కట్టడం సాన్ మిగెల్ మార్కెట్ 2009లో ఇలాగే కొత్త రూపంలో తెరుచుకుంది. న్యూయార్క్‌లోని చెల్సీ మార్కెట్ అయితే ఒకప్పుడు బిస్కెట్ల ఫ్యాక్టరీ, ఓరియో బిస్కెట్ పుట్టింది అక్కడే. సింగపూర్ దారి వేరు. అక్కడ వీధుల్లో బండ్లు పెట్టుకున్నవాళ్లని ప్రభుత్వమే నీళ్లు, డ్రైనేజీ ఉన్న హాకర్ సెంటర్లలోకి మార్చింది. ఆ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2016లో, అక్కడి రెండు హాకర్ స్టాళ్లకు మిషెలిన్ స్టార్, అంటే గొప్ప రెస్టారెంట్లకిచ్చే పేరున్న గుర్తింపు, దక్కింది. స్టాల్ చిన్నదని వంటని చిన్నచూపు చూడకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సరే, లోపలికి వెళ్దాం. ముందు ఒక రౌండ్ తిరగండి. ఏమీ కొనొద్దు. బోర్డుల మీద మెరిసే ఫొటోల కంటే కౌంటర్ వెనక ఏం జరుగుతోందో చూడండి. ఫుడ్ హాల్‌లో మనకు దొరికే గొప్ప అవకాశం అదే, వంటగది మన కళ్లముందే ఉంటుంది.

ఇదిగో, స్క్రీన్ మీద ఈ స్టాల్ గమనించండి. ఇద్దరు మనుషులు, పక్కకు తిరిగితే భుజం తగిలేంత చోటు. ఒక పెనం, ఒక ఫ్రయ్యర్, కౌంటర్ కింద చిన్న ఫ్రిజ్. తల ఎత్తులో స్టీలు పట్టీకి ఆర్డర్ చీటీలు వరసగా గుచ్చి ఉన్నాయి. పెనం దగ్గరున్న అమ్మాయి చీటీ వైపు ఒక్కసారి చూస్తుంది, రెండో చూపు లేదు. ఎడమ చేత్తో బన్ను పెనం మీద బోర్లించి, కుడి చేత్తో పక్కనున్నది తిప్పుతోంది. ప్రతి వాయి తర్వాత పెనాన్ని గరిటెతో గీకి, గుడ్డతో తుడిచి, అప్పుడే తర్వాతది వేస్తోంది. ఎంత రద్దీగా ఉన్నా ఆ తుడవడం మానలేదు. నేనైతే ఇలాంటి స్టాల్ దగ్గర కళ్లు మూసుకుని ఆర్డర్ పెడతాను.

మెనూ కూడా చదవండి. ఇంత ఇరుకు చోటులో నాలుగైదు వంటకాలైతే తాజాగా చేయొచ్చు. నలభై రకాలు రాసి ఉన్నాయంటే, ఎక్కువ భాగం వేరేచోట వండి తెచ్చి ఇక్కడ వేడి చేస్తున్నారనే అనుకోవాలి. కూరగాయలు తరగడం, ఊరబెట్టడం, సాస్‌లు తయారుచేయడం లాంటివి బయట కిచెన్‌లో చేసుకురావడం ఈ వ్యాపారంలో మామూలే, అందులో తప్పేమీ లేదు. కానీ చివరి వంట మాత్రం మన ముందు మంట మీద జరగాలి. కాల్చినవి, వేయించినవి, అప్పటికప్పుడు కలిపి ఇచ్చేవి ఇలాంటిచోట బాగుంటాయి. గంటల తరబడి నెమ్మదిగా ఉడకాల్సినవి అడిగేముందు, ఎప్పుడు వండారని ఒకమాట అడగండి. మంచి స్టాల్‌వాళ్లు దాచకుండా చెప్తారు.

ఆర్డర్ విషయానికొస్తే, ఒక స్టాల్‌లో ఒక్కటే తీసుకోండి. స్నేహితులతో వెళ్తే ఒకరు బల్ల దగ్గర ఆగండి, మిగిలినవాళ్లు తలా ఒక స్టాల్‌కి వెళ్లండి. అన్నీ మధ్యలో పెట్టుకుని తలా కాస్త రుచి చూడండి. అందులో ఏది బాగా నచ్చితే రెండో విడతలో దాన్నే మళ్లీ తెచ్చుకోండి. అన్నీ ఒకేసారి తెస్తే సగం చల్లారిపోతాయి. వేయించినవైతే పది నిమిషాల్లో మెత్తబడతాయి. ఒక్కో స్టాల్‌లో ఒక్కో వేగం, ఆర్డర్ సిద్ధమైందని చెప్పే బజర్ మోగే సమయాలు కలవవు కాబట్టి ఎక్కువసేపు పట్టేదాన్ని ముందు చెప్పండి. పిండివంటలు, ఐస్‌క్రీమ్‌లు చివర్లో చూసుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు.

ఇక బార్. దీని గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి. చాలా హాళ్లలో స్టాళ్లు నడిపేది వేర్వేరు మనుషులు, బార్ నడిపేది మాత్రం హాల్ యాజమాన్యం. మద్యం లైసెన్స్ ఆ ప్రాంగణానికి ఉంటుంది, ఇరవై మందికి ఇరవై లైసెన్సులు కుదరవు. రెండో సంగతి లాభం. ప్లేటు భోజనం మీద మిగిలేది కొద్దిగానే, గ్లాసు మీద మిగిలేది ఎక్కువ. హాల్ కరెంటు బిల్లు నుంచి బల్లలు తుడిచేవాళ్ల జీతాల దాకా చాలాచోట్ల బార్ ఆదాయం మీదే ఆధారపడతాయి. అందుకే బార్‌ని సరిగ్గా మధ్యలోనో, గుమ్మం ఎదురుగానో పెడతారు, ముందు మనం అక్కడే ఆగేలాగ.

మీరు తాగేవాళ్లయితే బార్‌ని మొదటి మజిలీ చేసుకోకండి. ఖాళీ కడుపుతో తాగితే మద్యం త్వరగా పేగుల్లోకి దిగి రక్తంలో కలుస్తుంది. కడుపులో తిండి ఉంటే అది నెమ్మదిస్తుంది. పైగా తాగినకొద్దీ ఆకలి పెరిగినట్టనిపించి కనిపించిందల్లా ఆర్డర్ పెట్టేస్తాం. కారం ఎక్కువున్న వంటకం పక్కన బీరు చల్లగా హాయిగా ఉంటుందనుకుంటాం కానీ, దాంతో నాలుక మంట పెద్దగా తగ్గదు. పాలు, పెరుగు కలిసిన పానీయమైతే మంట తగ్గుతుంది. తాగనివాళ్లు మొహమాటపడాల్సిన పని లేదు. బార్ కౌంటర్‌లోనే మద్యం లేని మాక్‌టెయిల్స్ అడగండి, శ్రద్ధగా చేసిచ్చే బార్‌టెండర్లు చాలామందే ఉన్నారు. బండి నడపాల్సినవాళ్లు మాత్రం గ్లాసు ముట్టుకోవద్దు, ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

రాత్రి వేళ కిటకిటలాడే హాల్‌లో గోల చాలా ఎక్కువ. ఎత్తైన కప్పు, గట్టి నేల, ఇనుము, గాజు... శబ్దాన్ని పీల్చుకునేది ఒక్కటీ ఉండదు. విమానం లోపలి మోత లాంటి పెద్ద శబ్దంలో తీపి తక్కువగా తెలుస్తుందని పరిశోధనలో తేలింది. వంట రుచి నిజంగా తెలుసుకోవాలంటే మధ్యాహ్న భోజనాలు అయ్యాక, సాయంత్రం జనం రాకముందు వెళ్లండి. వంటవాళ్లకూ అప్పుడు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. పెద్దవాళ్లని, పసిపిల్లల్ని తీసుకెళ్లడానికి కూడా అదే మంచి సమయం, వీపు ఆనించుకునే కుర్చీ దొరుకుతుంది.

ఎలర్జీ ఉన్నవాళ్లు, మాంసం ముట్టనివాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: “ఈ నూనెలో ఇంకేం వేయిస్తున్నారు?” చిన్న స్టాల్‌లో ఫ్రయ్యర్ ఒక్కటే ఉంటుంది. మెనూలో ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన నూనె వేరే అని కాదు.

చివరిగా, ఒక స్టాల్ మీకు బాగా నచ్చితే ఆ వంటవాళ్ల సోషల్ మీడియా పేజీ పేరు అడిగి ఫోన్‌లో పెట్టుకోండి. ఇక్కడి ఒప్పందాలు చాలావరకు తక్కువ కాలానికే ఉంటాయి. గిట్టుబాటు కాకపోతే ఖాళీ చేస్తారు, బాగా నడిస్తే సొంత రెస్టారెంట్‌కి మారిపోతారు. మళ్లీ మీరు వెళ్లేసరికి ఆ కౌంటర్ మీద వేరే బోర్డు ఉండొచ్చు. పేజీ పేరు మీ దగ్గరుంటే, వాళ్లు ఎక్కడికి మారినా వెతుక్కుంటూ వెళ్లొచ్చు.