కరెంటు, గ్యాస్ బాకీ: సాయం అడిగే ముందు మీటరు చూడండి

సునీత: ఈ ఎపిసోడ్ ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంటున్నవాళ్ల కోసం. కరెంటు, గ్యాస్ బాకీ పేరుకుని 1,200 పౌండ్లయింది అనుకుందాం. మొదటి ఫోను ఎవరికి చేయాలి మధు గారూ?

మధు: ఫోను తర్వాతండీ. ముందు మీటరు దగ్గరికెళ్లి ఫొటో తీయాలి. బిల్లులో రీడింగు పక్కన ఇంగ్లిషు అక్షరం 'ఈ' ఉంటే అది కంపెనీ అంచనా. వరుసగా నాలుగు బిల్లులు అలాగే వచ్చాయంటే ఆ 1,200లో నిజమెంతో ఎవరికీ తెలీదు. లేని బాకీకి సాయం అడగడమెందుకు?

సునీత: ఎప్పటిదో వాడకానికి ఇప్పుడు బిల్లు వేస్తే?

మధు: 12 నెలలు దాటిన వాడకానికి కొత్తగా బిల్లు వేయకూడదు, అది కరెంటు, గ్యాస్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఆఫ్‌జెమ్ నియమం. మీరే మీటరు చూడనివ్వకపోతే ఆ రక్షణ ఉండదు. వాడిన రోజుల్లోనే బిల్లు పంపినా మీరు కట్టకుండా వదిలేసిన బాకీకీ అది వర్తించదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

సునీత: సరే, లెక్క చూశాం. 1,200 నిజమే.

మధు: అప్పుడు కంపెనీకి ఫోను చేసి వాయిదాలు అడగండి. మీ స్తోమత చూసే వాయిదా పెట్టాలి వాళ్లు. జీతం, అద్దె, తిండి, బస్సు ఖర్చు ముందే కాగితం మీద వేసుకోండి. నెలకి వాడకం 90, బాకీకి మిగిలేది 20 అయితే 110 అనే చెప్పండి. మొహమాటానికి 150 ఒప్పుకున్నారో, రెండో నెలకే తప్పుతుంది.

సునీత: నెలకి 20 అంటే ఐదేళ్లు!

మధు: పట్టనీండి. ఆ కాగితమే రేపు గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం, దరఖాస్తుకీ పనికొస్తుంది.

సునీత: ముందే డబ్బు వేసి (టాప్‌అప్ చేసి) వాడుకునే ప్రీపేమెంట్ మీటరు ఉంటే?

మధు: బాకీని మీటరే వారంవారం కోసుకుంటుంది. చిక్కంతా వేసవిలో. గ్యాస్ వాడరు, టాప్‌అప్ చేయరు. మీటరు మాత్రం వారానికి 5 పౌండ్లు, దానిపైన స్టాండింగ్ చార్జీ, అంటే వాడకపోయినా రోజూ పడే రుసుము, రాసుకుంటూనే ఉంటుంది. 12 వారాలకి బాకీ కిందే 60. అక్టోబరులో వణుకుతూ 20 వేస్తే, బాయిలరు వెలగకముందే చాలావరకు మింగేస్తుంది. వేసవిలోనూ కొంచెం కొంచెం వేస్తుండండి. వారానికి 5 బరువైతే తగ్గించమని అడగొచ్చు.

సునీత: ఇక గ్రాంటు.

మధు: బ్రిటిష్ గ్యాస్ ఎనర్జీ ట్రస్ట్ లాంటి సంస్థలు ఇస్తాయి. డబ్బు మీ చేతికి రాదు, ఎనర్జీ ఖాతాలో జమవుతుంది. నిధులు అయిపోతే మూసేస్తారు, మళ్లీ తెరుస్తారు. ముందే అప్పుల సలహాదారుని కలిశారా అని అడుగుతారు. సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్ అనే సేవాసంస్థలు ఆ సలహా ఉచితంగా ఇస్తాయి. సలహాదారు ద్వారానే 'బ్రీతింగ్ స్పేస్' కూడా వస్తుంది. 60 రోజులు వసూళ్ల ఒత్తిడి, వడ్డీ ఆగుతాయి. ఆ 60 రోజుల వాడకం మాత్రం కట్టాల్సిందే. 12 నెలల్లో ఒక్కసారే ఇస్తారు.

సునీత: వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ భృతులు తీసుకోకూడదు, అని ఉన్నవాళ్లు అడగడానికే జంకుతారు.

మధు: ట్రస్టు గ్రాంటు, కంపెనీ వాయిదాలు పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి మాత్రం వాటి కిందికే వస్తుంది. దాని జోలికి వెళ్లేముందు ఇమిగ్రేషన్ సలహా తీసుకోండి.