అప్పటికే తమ పాత్రలు తాము వేసుకున్నవాళ్లు

అందరికీ నమస్కారం.

నిజంగా బతికిన గాయకుల్ని తెర మీద చూపించడం గురించి మాట్లాడమన్నారు. అంత విషయం ఒక్క సాయంత్రంలో తేలేది కాదు కాబట్టి ఒకే ఒక్క సిరీస్ పట్టుకుంటాను. 2022 డిసెంబరులో అమెరికాలో షోటైమ్ ఛానల్‌లో మొదలైన 'జార్జ్ అండ్ టామీ'. ఆరు ఎపిసోడ్లు. సృష్టికర్త ఏబ్ సిల్వియా, డైరెక్టర్ జాన్ హిల్‌కోట్. జార్జ్ జోన్స్‌గా మైఖేల్ షానన్, టామీ వైనెట్‌గా జెస్సికా చాస్టెయిన్ నటించారు.

వీళ్లిద్దరి పేర్లూ మనలో చాలామంది విని ఉండరు. కంట్రీ మ్యూజిక్ అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కూలి చేసుకునేవాళ్లు, సన్నకారు రైతులు పాడుకుంటూ పెంచిన పాట. అందులో తాగుడు ఉంటుంది, చర్చి ఉంటుంది, కాపురం నిలబడటం, కూలిపోవడం ఉంటాయి. జోన్స్ 1931లో టెక్సస్‌లో పుట్టాడు. చిన్నప్పుడు బోమాంట్ వీధుల్లో పాడి చిల్లర డబ్బులు సంపాదించాడు. టామీ 1942లో మిసిసిపిలో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోతే తాత, అమ్మమ్మల పొలంలో పత్తి ఏరుతూ పెరిగింది. తర్వాత బ్యూటీ పార్లర్ పని నేర్చుకుంది. పెద్ద స్టార్ అయ్యాక కూడా ఆ లైసెన్స్ గడువు తీరినప్పుడల్లా రెన్యువల్ చేయించుకుంటూనే ఉంది. పాటలు ఆడకపోతే మళ్లీ జుట్టు కత్తిరించుకుని బతకొచ్చని ధీమా. ఒక నటికి ఆ మనిషి లోపల ఏముందో పట్టుకోవడానికి ఈ ఒక్క వివరం చాలు అనిపిస్తుంది నాకు.

1969లో పెళ్లి చేసుకున్నారు. 1975లో విడాకులు. మధ్యలో జోన్స్ తాగుడు. కచేరీలకు రాకుండా ఎగ్గొట్టడం ఎంత అలవాటైందంటే అతనికి 'నో షో జోన్స్' అనే పేరు స్థిరపడింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఇద్దరి మీద బయోపిక్ తీయడంలో చిక్కు ఏమిటంటే, వీళ్లు బతికి ఉండగానే తమ బయోపిక్‌లో తాము నటించేశారు. రికార్డుల నిర్మాత బిల్లీ షెరిల్ వీళ్ల చేత యుగళగీతాలు పాడించాడు. 1972లో 'ది సెరిమొనీ' అనే పాటలో పెళ్లి ప్రమాణాలే పాట అయ్యాయి. 1973లో కాపురాన్ని గట్టిగా పట్టుకుని ఉంటామని పాడిన పాట చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 1976లో, అంటే విడాకులు అయిపోయాక, 'గోల్డెన్ రింగ్' వచ్చింది. తాకట్టు కొట్లో ఉన్న ఉంగరాన్ని ఒక జంట కొనుక్కుంటుంది, పెళ్లవుతుంది, చెడుతుంది, ఉంగరం మళ్లీ అదే కొట్టుకి చేరుతుంది. విడిపోయిన మొగుడూ పెళ్లాలు ఒకే మైకు ముందు నిలబడి ఆ కథ పాడుతుంటే వినేవాళ్లు ఏమనుకుంటారు? నిజమే అనుకున్నారు. అదీ నంబర్ వన్ అయింది. ఆ పాట రాసినవాళ్లు బాబీ బ్రాడక్, రేఫ్ వాన్ హోయ్ అనే ఇద్దరు రచయితలు. జార్జ్, టామీ చేసింది పాడటమే. ఇది అభిమానులకు పట్టలేదు. రికార్డు కంపెనీకైతే అసలే పట్టలేదు!

లాన్‌మూవర్ కథ కూడా అంతే. ఇంట్లో భార్య కారు తాళాలు దాచేస్తే జోన్స్ గడ్డి కోసే యంత్రం ఎక్కి మందు కొట్టుకు వెళ్లాడన్నది అమెరికాలో అందరికీ తెలిసిన కథ. తర్వాత్తర్వాత జోన్సే మ్యూజిక్ వీడియోల్లో లాన్‌మూవర్ ఎక్కి కనిపించాడు. తన అవమానాన్ని తనే జోకుగా అమ్ముకున్న మనిషిని నటుడు ఎలా పట్టుకోవాలి? జోకు వెనక్కి వెళ్లాలి. షానన్ చాలా చోట్ల ఆ పని చేశాడు. అతని జోన్స్ తాగినప్పుడు నవ్వించడు, భయపెడతాడు.

పాటను డైరీలా చదివే అలవాటు బయోపిక్ తీసేవాళ్లకు పెద్ద ఉచ్చు. టామీకి అన్నిటికంటే పేరు తెచ్చిన 'స్టాండ్ బై యువర్ మ్యాన్' చూడండి. 1968లో షెరిల్‌తో కలిసి స్టూడియోలో కూర్చుని గబగబా రాసేసింది. అప్పటికి ఆమె జోన్స్‌ని పెళ్లాడలేదు, డాన్ చాపెల్ భార్య. జీవితం మొత్తంలో అయిదు పెళ్లిళ్లు చేసుకున్న మనిషి, మొగుణ్ణి వదలని ఇల్లాలికి గుర్తుగా నిలిచిపోయింది. 1992 ఎన్నికల ప్రచారంలో హిల్లరీ క్లింటన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, నేనేమీ టామీ వైనెట్‌లా మొగుడి పక్కన నిలబడే ఆడదాన్ని కాను అన్న అర్థంలో మాట్లాడింది. టామీ మండిపడింది. హిల్లరీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పాట వేరు, పాడినామె వేరు అని అంత చదువుకున్నామెకే తోచలేదు. అలాగే 1980లో జోన్స్ పాడిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' టామీ గురించే అని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అదీ వేరే రచయితలు రాసిన పాటే. జోన్స్‌కి మొదట్లో నచ్చలేదు కూడా, మరీ చావు పాటలా ఉందన్నాడు.

ఇప్పుడు గొంతు సంగతి. మనం ప్లేబ్యాక్‌తో పెరిగినవాళ్లం. సావిత్రి పెదవులు కదిలితే సుశీల గొంతు వినిపించడం మనకు ఏనాడూ వింతగా తోచలేదు. హాలీవుడ్‌లోనూ రెండు దారులూ ఉన్నాయి. 1980లో కంట్రీ గాయని లొరెటా లిన్ పాత్రకు సిస్సీ స్పేసెక్ తనే పాడి ఆస్కార్ గెలిచింది. 1985లో మరో కంట్రీ గాయని పాట్సీ క్లైన్ పాత్ర వేసిన జెస్సికా లాంగ్ పాట్సీ అసలు రికార్డులకే పెదవులు కదిపింది. ఆమెకూ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 'జార్జ్ అండ్ టామీ'లో నటులిద్దరూ స్వయంగా పాడారు.

ఈ నిర్ణయానికి మూల్యం ఉంది. జోన్స్ నోరు పెద్దగా తెరవకుండా, పళ్ల మధ్య నుంచి ఒక్కో మాటని నాలుగైదు స్వరాల మీదుగా వంచి దించేవాడు. మన గమకానికి దగ్గరి చుట్టం అనుకోండి. షానన్‌కి అది రాదు. అది వచ్చినవాళ్లు కంట్రీ గాయకుల్లోనే అరుదు. తెలిసి వినేవాళ్లకు మొదటి ఎపిసోడ్‌లో చిరాకు పుడుతుంది. కానీ ఒక లాభం ఉంది. కచేరీ సీన్లలో మనం పాటని వింటూ ఊరుకోం, ఆ మనిషి ఈ పూట పాడగలడా లేదా అని చూస్తాం. జోన్స్ కచేరీకి వచ్చిన జనం టెన్షన్ కూడా అదే కదా. అసలు రికార్డు పెట్టి ఉంటే ఈ అనుమానానికి చోటే ఉండేది కాదు. చాస్టెయిన్ పని ఇంకొంచెం తేలిక. టామీ పాటలు షెరిల్ కట్టిన తీరే నాటకంలా ఉంటుంది: చరణం దాదాపు గుసగుస, పల్లవికి వచ్చేసరికి గొంతు ఒక్కసారిగా లేస్తుంది. నటి పట్టుకోగలిగిన మెట్లు అవి. స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అవార్డు ఆమెకు ఊరికే రాలేదు.

నాకు ఇబ్బంది కలిగించేది మరో విషయం. ఈ సిరీస్‌కి ఆధారం వాళ్ల కూతురు జార్జెట్ 2011లో రాసిన జ్ఞాపకాల పుస్తకం. పుట్టడం 1970లో కాబట్టి తల్లిదండ్రులు విడిపోయేనాటికి ఆ పిల్లకి అయిదేళ్లు కూడా నిండలేదు. తెర మీద జోన్స్ తప్పులు చేసినా చివరికి ప్రేమించదగ్గవాడిగా మిగులుతాడు. టామీ అయిదో భర్త జార్జ్ రిచీ మాత్రం విలన్. స్టీవ్ జాన్ ఆ పాత్ర ఎంత బాగా చేశాడంటే ఒళ్లు జలదరిస్తుంది. టామీ 1998లో పోయింది, రిచీ 2010లో, జోన్స్ 2013లో. సమాధానం చెప్పుకోవడానికి ముగ్గురిలో ఎవరూ లేరు. రిచీ తర్వాతి భార్య సిరీస్ మీద కోర్టుకి కూడా వెళ్లింది. తండ్రిని క్షమించాలనుకున్న కూతురి చూపు ఇది. ఆ చూపుకి విలువుంది, నేను కాదనను. కానీ జీవితకథ అని పేరు పెట్టినప్పుడు, ఎవరి చూపుతో చెబుతున్నారో కథలోనే తెలిసేలా చేయాల్సింది. ఆ కూతుర్నే కథ చెప్పే మనిషిగా ముందు పెడితే సరిపోయేది. రాసినవాళ్లకు ఆ ధైర్యం చాలలేదని నా అభిప్రాయం.

మాటలు చాలు. 'స్టాండ్ బై యువర్ మ్యాన్' రెండుసార్లు వినిపిస్తాను, ముందు చాస్టెయిన్ పాడింది, తర్వాత టామీది. వరస తిప్పానని అనుకోకండి. అసలుది ముందు వింటే రెండోదాంట్లో మనం తప్పులే వెతుకుతాం. విన్నాక ప్రశ్నలు తీసుకుంటాను.